పడమటి గోడ మీది అద్దం

చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగేదాకా షాహిదాబీ కదలలేదు. ముందు బావగారి కిర్రు చెప్పులు, వాటి వెనక ఆయన కొడుకుల చెప్పులు, ఆ వెనక ఎదురింటి ముసలాయన చేతికర్ర, అన్నీ మసీదు వైపు పోయాయి. ఇక ఖుత్బా ప్రసంగం అయి, జుమ్మా నమాజు అయి, దువా అయి, మెట్ల మీద నిలబడి నాలుగు ఊసులు చెప్పుకోవడం అయి, ఆ చెప్పులు మళ్లీ ఈ సందులోకి తిరిగేదాకా ఈ ఇల్లు ఆడవాళ్లది, ఈ గది తనది. ఈ గోడ మాత్రం, సరే, గోడ ఆయనదే, ఉంచుకోమను, నెత్తిన పెట్టుకుని ఊరేగమను, గోడ ఎవరికి కావాలి, తనకు కావలసింది గోడ మీదున్న అద్దం. అల్లూరులో ఇంకెవరింట్లోనూ లేని నిలువుటద్దం. మనిషిని మించిన ఎత్తు, చట్రం లేదు, వెనక చెక్క లేదు, ఉత్త గాజు, గుగ్గిలం పెట్టి గోడకు అతికించింది. దాన్ని ఈ పూట ఊడదీయాలి. పగలకుండా ఊడదీయాలి. పగిలితే ఏమవుతుందో తలుచుకోకూడదని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉంది, అనుకున్నప్పుడల్లా తలుచుకుంటూనే ఉంది.

మొగుడు మౌలా పోయిన తర్వాత గడప దాటకూడని ఇద్దత్ గడువు తీరిన మర్నాడే ఆమె నోరు విప్పింది. కోవూరు పోతాను, అక్కడ టీచరమ్మ ఆనందకుమారి తన ఇంటి ముందుగది ఇస్తానంది, మిషను పెట్టుకుని ఆడవాళ్ల జాకెట్లు కుట్టుకుంటాను అంది. అమీర్ బాషా, మౌలాకు అన్న, బజారులో దర్జీ కొట్టున్నవాడు, ఆ మాట విని ముందు నవ్వాడు, తర్వాత అన్నం ముందు నుంచి లేచిపోయాడు, ఆ తర్వాత పెద్దమనుషుల్ని పిలిచాడు. ఎందుకు పిలవడు, ఆయన కొట్టుకు పేరు తెచ్చిన జాకెట్లన్నీ ఈ లోపలి గదిలో షాహిదాబీ చేతి కింద పుట్టినవే కదా, ఆమె పోతే ఆ పేరూ పోతుంది. పోయిన శుక్రవారం వసారాలో చాపలు పరిచి కూర్చున్నారు, ఆమె తలుపు తెర వెనక నిలబడింది. "మిషను నీ పుట్టింటిది, తీసకపో. అద్దం మాత్రం కదలదు. గోడకు అతికింది గోడదే," అన్నాడు బావ. పెద్దాయన మీరా మొహిద్దీన్ గొంతు సవరించుకుని, "అద్దం నీ తమ్ముడి సంపాదన గదా అమీరూ," అన్నాడు, మెల్లిగా, మధ్యస్తం చేసే వాళ్లందరూ అన్నట్టే ఎవరికీ కోపం రాకుండా. "అయితే ఊడబీక్కోమనండి. ముక్క కాకుండా ఊడొస్తే అద్దంతో పాటు తనూ పోవచ్చు, నేను అడ్డం రాను. పగిలిందా, కోవూరు మాట మళ్లీ ఎత్తకుండా ఈ ఇంట్లోనే పడి ఉండాల," అన్నాడు బావ. అందరూ నవ్వారు. అది ఊడదని వాళ్లకు తెలుసు, గుగ్గిలం పట్టు సంగతి సముద్రం పక్కనున్న ఊళ్లో ఎవరికి తెలియదు. తెర వెనక నుంచి ఒక గొంతు "సరే" అంది. ఆ గొంతు తనదేనని నవ్వు ఆగిపోయిన తర్వాత గానీ షాహిదాబీకి తెలియలేదు. ఆ సాయంత్రమే బావ వడ్రంగుల ఇళ్లన్నిటికీ కబురు చేశాడు, మా ఇంటికి ఎవరూ రావద్దని. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నాలుగోది ఉంటే విరగ్గొట్టి మరీ మూడు చేస్తాడు.

వీధి తలుపు గడియ కదిలింది, దాని వెంబడే ఎండుచేపల వాసన, చేపలమ్మే పిచ్చమ్మ వచ్చేసింది. పిచ్చమ్మ మొగుడు చిన్నపోలయ్యే ఈ గుగ్గిలం కాచినవాడు, ఆయన ఇప్పుడు కాలువ మీద పడవ పనిలో ఉన్నాడు, ఊళ్లో ఉన్నా ఈ ఇంటికి రాడు, బావను కాదని ఇక్కడ బతకలేడు కదా. ఆవిడ గంప దించి ఎండు నెత్తళ్ల కింద చెయ్యి పెట్టి నైలాను దారం చుట్ట బయటికి తీసింది. "ఇదే బూబమ్మా కొత్త దారం. వలలకని మద్రాసు నుంచి తెప్పించినారు. సొరచేప గుంజినా తెగదని మా ఆయన అంటా ఉండాడు." షాహిదాబీ దాన్ని వేళ్ల మధ్య లాగి చూసింది. "గోడను కొయ్యదు గదా అక్కా?" "గోడను కోస్తే మీ బావ నిన్ను కోస్తాడు," అని నవ్వింది పిచ్చమ్మ, నవ్వుతూనే అద్దం వైపు తిరిగి నోరు తెరిచింది. అద్దం కనిపించడం లేదు. పొద్దున్నే మైదా జిగురు ఉడికించి, మౌలా తెల్ల లుంగీలు రెండు చింపి అద్దం నిండా అంటించింది షాహిదాబీ, వాటి మీద అడ్డంగా, నిలువుగా, మూలల నుంచి మూలలకు మల్లుగుడ్డ పేలికలు. పగిలినా ముక్కలు గుడ్డకు కరుచుకుని ఉంటాయి, మీద పడవు. ఇది ఎవరూ చెప్పింది కాదు, కాలరు లోపల గట్టిగుడ్డ అంటించే చెయ్యికి తట్టింది. అంటిస్తున్నంతసేపూ అద్దంలో తాను కొంచెం కొంచెంగా తగ్గిపోయింది, ముందు కాళ్లు, తర్వాత నడుము, తర్వాత నోరు, చివరికి ఒక కన్ను మాత్రం మిగిలి తననే చూస్తుంటే దాని మీదా జిగురు పూసింది. మౌలా పోయిన రోజు ఈ అద్దానికి దుప్పటి కప్పింది ఇంటి ఆడవాళ్లు, ఇద్దత్‌లో ఉన్నది అద్దం చూడకూడదు, ముఖం చూసుకుంటే మళ్లీ బతకాలనిపిస్తుందని వాళ్ల భయం కాబోలు. అప్పుడు తనను ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎవరినీ అడగకుండా తానే కప్పింది, ఈ కప్పడం వేరు.

ఇసుక కావాలి, వేడి ఇసుక. గుగ్గిలం చలికి రాయి, వేడికి మైనం. వంటింట్లోకి పోయేసరికి తోడికోడలు కరీమున్నీసా పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి మీద మూకుడు, మూకుడు నిండా సముద్రపు ఇసుక. బావగారి భార్య, ఈమెతో ఒక్క మాట చెబితే బావకు చెప్పినట్టేనని ఇన్నాళ్లూ అనుకున్న మనిషి. షాహిదాబీ గడపలోనే ఆగిపోయింది. "నేనేం చూడలా. నాకేం తెలీదు. గంజి వార్చుకుంటా ఉండాను," అంది కరీమున్నీసా తల తిప్పకుండా, చేతిలో అట్లకాడ మాత్రం ఇసుకను అడుగునుంచి పైకి తిప్పుతూనే ఉంది. పొయ్యి మీద గంజీ లేదు, అన్నమూ లేదు. షాహిదాబీకి ఒక్కసారిగా ఏడుపొచ్చింది, ఏడిస్తే చేతులు వణుకుతాయని మింగేసింది. ఇసుక మూటలు కట్టుకుని వచ్చి, ముందు గోరువెచ్చటివి, తర్వాత వేడివి, అద్దం మీద ఆనించి ఆనించి తీసింది, ఒక్కచోట ఉంచకుండా. ఉన్నట్టుండి వేడి తగిలితే గాజు ఊరుకోదు, మండుతున్న లాంతరు చిమ్నీ మీద నీటిబొట్టు పడితే ఏమవుతుందో పిల్లలకు కూడా తెలుసు. నాలుగు మూలలు, మధ్యలో ఒకచోట, గుగ్గిలం ముద్దలు ఎక్కడున్నాయో ఆమెకు చీకట్లో కూడా తెలుసు. చివరి జబ్బులో ఇట్లాగే కాపడం పెట్టింది మౌలా గుండెల మీద, ఇదే మూకుడు, ఇదే ఇసుక కావచ్చు. మొదటి రాత్రి "కాలతా ఉంది షాహిదా" అని విసుక్కున్నాడు, రెండో రాత్రి ఏమీ అనలేదు, ఎంత వేడి పెట్టినా ఏమీ అనలేదు, అంతకంటే విసుక్కున్నా బాగుండును. మనిషికి పనికిరాని కాపడం గాజుకు పనికొస్తుందా, రావాలి, రాకపోతే ఒప్పుకోను.

ఈ అద్దం ఎక్కడిదో చెబితే ఎవరైనా నవ్వుతారు. పెళ్లయిన కొత్తలో ఊళ్లోకి నాటకాల కంపెనీ వచ్చింది, రాజుల కోట్లన్నీ మౌలాయే కుట్టాడు, గాలివానకు పందిరి పడిపోయి కంపెనీ చెల్లాచెదురవుతుంటే కుట్టుకూలికి బదులు వేషాలేసుకునే అద్దం చేతిలో పెట్టారు. చట్రానికి చెదలు పట్టింది, దాన్ని అక్కడే పారేసి ఉత్త అద్దాన్ని గడ్డిబండి మీద తెచ్చాడు, తాను రాజు అయినట్టు మొహం వెలిగిపోతూ. వడ్రంగి చేత చట్రం చేయించుకోవచ్చు కదా, ఆగలేడు. ఆగడం ఆయన ఒంట్లో లేదు. చిన్నపోలయ్యను పిలుచుకొచ్చాడు, ఇద్దరూ పెరట్లో మూడు రాళ్లు పెట్టి గుగ్గిలం, నూనె కలిపి కాచారు, పడవ చెక్కల సందుల్లో కూరే గుగ్గిలం, కాలువలో ఏళ్ల తరబడి నానినా ఊడదు, గోడ మీద ఊడుతుందా అని ఒకరినొకరు మెచ్చుకుంటూ. అద్దాన్ని గోడకు నొక్కి, ఇద్దరూ దానికి వీపులు ఆనించి నిలబడి బీడీలు కాల్చారు, ఆ వాసన చీరలకు కూడా పట్టింది. ఆ ఏడు రోహిణికార్తెలో ఒక సాయంత్రం ఊడుస్తుంటే చూసింది షాహిదాబీ, అద్దం పైఅంచు దగ్గర ముందు లేని నల్లటి గీత, వేలు పట్టేంత. అద్దం జారింది. పడమటి గోడ కదా, బయట సాయంకాలపు ఎండ నేరుగా కొట్టి గుగ్గిలం కరిగింది. చిన్నపోలయ్య వచ్చి చూసి తల గోక్కున్నాడు. "పడవకు అడుగున నీళ్లుంటాయి సాయిబూ, సల్లంగా ఉంటది. గోడకు నీళ్లు యాడ ఉండాయి?" అడుగున ఒక చెక్క ఆనించి మేకులు కొట్టి ఊరుకున్నారు. మగవాళ్లు అద్దంలో మీసం చూసుకుంటారు, అంచు చూడరు, అది ఇంకెవరికీ గుర్తు లేదు. వసారాలో కూర్చుని నవ్విన పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఈ గదిని ఏనాడైనా ఊడ్చి ఉంటే ఆ నవ్వు నవ్వేవాళ్లు కాదు.

పడమటి గోడే ఎందుకు అంటే, మిగతా మూడింటికీ తలుపో కిటికీయో ఉంది. అతికించి, చల్లారి, రాయిలాగా గట్టిపడిన తర్వాత అమీర్ బాషా వచ్చి చూసి అరిచాడు. "ఒరే మౌలా, అది కాబా దిక్కురా! ఈ గదిలో నమాజుకు నిలబడితే ఎదురుగా ఎవరు కనపడతారు? నువ్వే! ఎవరికి తల నేలకానించి సజ్దా చేస్తావు రా, నీకు నువ్వేనా?" మౌలా నాలుక కరుచుకున్నాడు, ఇంతమంది ఉండి ఒక్కరికీ తట్టలేదు, నమాజు చేసేవాళ్లుండే ఇంట్లో తప్ప ఇట్లాంటి పొరపాటు జరగదు, వాళ్లింట్లోనూ ఇంత తొందరపడే మనిషి ఉంటే తప్ప జరగదు. "వసారాలో చేసుకుంటాలే అన్నా," అన్నాడు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఎవరూ నమాజుకు జానిమాజ్ చాప పరవలేదు, మగవాళ్లు అటు రావడం తగ్గించారు, అందుకే అది ఆడవాళ్ల గది అయింది, ఆ పొరపాటు లేకపోతే ఆమె చేతికి ఒక పని, పనికి ఒక పేరు వచ్చేవే కావు. బావ చెడ్డవాడని షాహిదాబీ ఎప్పుడూ అనలేదు, అనుకోలేదు కూడా. తమ్ముడు పోయిన తర్వాత రెండుసార్లు ఈ గడపలో నిలబడి దుప్పటి కప్పిన అద్దం వైపు చూస్తూ ఉండిపోయాడు, కళ్లు తుడుచుకున్నాడు. తమ్ముడి చెయ్యి పడిన గోడ అది, నిజమే. ఆయనకు దుఃఖం ఉంది, కాదనను, కానీ ఆయన దుఃఖానికి నన్ను మేకు చేసి గోడకు కొడతానంటే ఊరుకుంటానా. ఆయన ఏడుపు ఆయనది, నా బతుకు నాది.

అద్దం లేకుండా పోవే, మిషను ఉందిగా, మిషనుతో బతకలేవా అని పిచ్చమ్మే అడిగింది మొన్న. బతకొచ్చు. ఊరికొక మిషను ఉంది, దాని వెనక ఒక మొగాడు ఉన్నాడు, టేపు మెడలో వేసుకుని, ఆడవాళ్లు వసారాలో నిలబడి పాత జాకెట్టు ఆది ఇచ్చి తల దించుకుని పోవడం, కుట్టింది బిగిస్తే బిగించింది, వదులైతే వదులైంది. ఇక్కడికి ఎందుకు వచ్చేవాళ్లు, అద్దం కోసం. కూలికి పోయే మాలకొండమ్మ కూతురి పెళ్లికని మొదటిసారి జాకెట్టు కుట్టించుకుని, తొడుక్కుని, అద్దం ముందు నిలబడింది. అంతకుముందు ఆమె చూసుకున్నది అరచేతిలో పట్టే అద్దం, అందులో బొట్టు పట్టేంత జాగా. పై నుంచి కిందికి చూసుకుంది. పాదాలు చూసుకుంది. వెనక్కి తిరిగి భుజం మీదుగా చూసుకుంది. "ఇదంతా నేనేనా బూబమ్మా," అంది. నవ్వలేదు. ఎంతసేపు నిలబడిందో, షాహిదాబీ దారం ఎక్కిస్తున్నట్టు నటిస్తూ తల వంచుకుని కూర్చుంది, ఒక ఆడమనిషి తనను తాను నిండుగా చూసుకుంటుంటే ఇంకొకరు చూడటం మర్యాద కాదనిపించి. ఆ రోజే అనుకుంది, నేను అమ్మేది జాకెట్టు కాదు. కోవూరులో ఉన్న మాలకొండమ్మలకు కూడా ఇది కావాలి, వాళ్లకు తెలియదు అంతే.

నులకమంచాన్ని నిలువుగా లేపి నులక వైపు అద్దానికి ఆనించారు, మధ్యలో రెండు బొంతలు, మంచం కోళ్ల వెనక జారకుండా బియ్యం బస్తా. గోడ వదిలితే అద్దం మంచం మీదికే వాలాలి, మనిషి మీదికి కాదు. "ముందుకు రావద్దక్కా, పక్కనే ఉండు, ఏమైనా ముందుకు రావద్దు," అంది షాహిదాబీ. నైలాను దారం రెండు కొసలూ రెండు కర్రముక్కలకు చుట్టి, పైఅంచు నుంచి అద్దం వెనకకు దించారు, ఇటు ఒకరు అటు ఒకరు. నువ్వు గుంజు నేను వదులుతా, నేను గుంజుతా నువ్వు వదులు, మజ్జిగ చిలికినట్టు. దారం మొదటి ముద్దకు తగిలి ఆగింది. ఇసుక మూట ఇంకోసారి ఆనించి మళ్లీ గుంజారు, పాకింది, ఒక జానెడు మేర ఏమీ కానట్టు ఉండి తర్వాత నల్లటి తీగలు సాగాయి, గుగ్గిలం వాసన లేచింది, ఆ పెరటి పొయ్యి వాసన, బీడీల వాసన, మౌలా వీపు, చెమటకు అంటుకున్న చొక్కా. గుంజు. వదులు. ఏడిస్తే ఆగిపోతావు షాహిదా, గుంజు. తెగిన చోట మళ్లీ అంటుకోకుండా గుడ్డ ఉండలు కూరింది. కర్ర పట్టుకున్న చోట అరచెయ్యి మండుతోంది, దారం కొస వేలిని కోసింది కూడా, రక్తం లుంగీ గుడ్డకు తగిలింది, తగలనీ. పెళ్లయిన పదిహేనో రోజు ఈ అద్దంలోనే చూసుకుంది తాను, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇదంతా నేనేనా అని తానూ అనుకుంది, మాలకొండమ్మ కంటే ముందే, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మధ్య ముద్ద పెద్దది, మౌలా చేతిలో మిగిలిందంతా అక్కడే పెట్టాడు, ఏదీ పారేసే రకం కాదు. "సచ్చినోడు ఎంత గుగ్గిలం పూసినాడే," అంది పిచ్చమ్మ రొప్పుతూ, అని నాలుక కరుచుకుంది. షాహిదాబీకి నవ్వొచ్చింది, మౌలా పోయిన తర్వాత మొదటిసారి గట్టిగా నవ్వింది, దారం వదలకుండా. మసీదు వైపు నుంచి ఏమీ వినపడటం లేదు. ఖుత్బా అయిపోయి ఉంటుంది, వరసలు కట్టి ఉంటారు.

కింద ఎడమ మూల వచ్చేసింది. కుడి మూల మిగిలింది, అదొక్కటే, పైనంతా గోడను వదిలేసి మంచం మీద కొంచెం వాలి ఉంది అద్దం. గుంజు, వదులు, గుంజు. టప్ మంది. పెద్ద చప్పుడు కాదు, ఎండు పుల్ల విరిగినంత. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు. అద్దం మెల్లిగా, బరువుగా, బొంతల మీదికి ఒరిగి నిలిచింది. గోడ బోసిగా ఉంది. గుగ్గిలమా, గాజా? గుడ్డ కింద ఏమైందో కనపడదు, జిగురు ఎండి అట్ట కట్టింది, చేత్తో తడిమితే పేలికల గట్లు తప్ప ఇంకేమీ తెలియదు. తెర వెనక నుంచి తాను అన్న ఆ "సరే" ఇప్పుడు తన మీదికే తిరిగింది. "గుగ్గిలమే బూబమ్మా. పడవలో కూడా అట్టనే అంటది," అంది పిచ్చమ్మ. "నిజంగానా అక్కా?" పిచ్చమ్మ ఆమె కళ్లలోకి చూసి అబద్ధం ఆడలేకపోయింది. "నాకేం తెలుసు తల్లీ, నేను చేపలమ్ముకునేదాన్ని." ఒక మూల గుడ్డ పీకి చూడొచ్చు. వేలు పెట్టింది కూడా, గోరు కింద పేలిక అంచు దొరికింది, ఆగింది. చూసి? పగిలి ఉంటే ఏం చేస్తుంది, మంచం దించుకుని, పొయ్యి దగ్గరికి పోయి, అన్నం వండుకుని, ఆయన కొట్టుకు జాకెట్లు కుట్టుకుంటూ ముసలిదైపోతుందా, ఒక పుల్ల విరిగినంత చప్పుడు కోసం? పగలకపోతేనే పోవచ్చునట. ఎవరు అన్నారు ఆ మాట, బావ అన్నాడు. ఎవరు ఒప్పుకున్నారు, నేను. పందెంలో నా బతుకు పెట్టి సరే అన్నది ఈ నోరే, మండిపోను ఈ నోరు. అయితే ఈ నోరే కాదని కూడా అనగలదు. మాట తప్పిన ఆడది అంటారు, అననీ, ఊరి నోరు మూయడానికి మూకుడంత మూత ఎక్కడా దొరకదు. పగిలితే పగిలిన కాడికి కోయించుకుంటా, నడుము దాకా కనపడినా కోవూరు ఆడవాళ్లకు అంతమాత్రం కూడా లేదు. పేలిక మీద నుంచి వేలు తీసేసింది. భయం అప్పుడు తగ్గింది, విచిత్రం, తెలియనప్పుడే తగ్గింది.

పిచ్చమ్మ తమ్ముడు ముత్యాలయ్య బండి సందు చివర ఉంది, ఆవిడ కేకేసుకుంటూ పోయి పిలుచుకొచ్చింది. అద్దాన్ని బొంతలతో సహా మంచానికి కట్టారు. "పడుకోబెట్టి మోద్దాం బూబమ్మా, తేలిక," అన్నాడు ముత్యాలయ్య. "వద్దన్నా. పడుకోబెడితే తన బరువుకే మధ్యలో విరుగుతుంది. నిలువునే పోవాల," అంది షాహిదాబీ. అప్పుడు వినిపించింది సందులో కిర్రు చెప్పులు. ఈ రోజు మెట్ల మీద ఊసులు చెప్పుకోకుండానే వచ్చేశాడు.

అమీర్ బాషా గది గుమ్మంలో నిలబడ్డాడు, టోపీ ఇంకా తల మీదే ఉంది. ఆమెను చూడలేదు, అద్దాన్ని చూడలేదు, నేరుగా గోడను చూశాడు. ఇన్నేళ్లు ఎండా పొగా తగలని సున్నం అద్దం కొలతకు తెల్లగా ఉంది, దాని మీద ఐదు నల్లటి మచ్చలు. మధ్యలో ఉన్న పెద్ద మచ్చ అంచున, గాజూ దారమూ తగలని చోట, వేడి ముద్దను గోడకు నొక్కిన వేళ్ల గుర్తులు, బొటనవేలు వేరుగా, మిగతావి కలిసి. షాహిదాబీ కూడా అప్పుడే చూసింది. ఆ వేళ్లలో తన వేళ్లు పెట్టి చూడాలనిపించింది, పెడితే ఇక ఇక్కడి నుంచి కదలదని తెలిసి చేతులు వెనక్కి కట్టుకుంది. బావ ఇటు తిరిగాడు.

"పగిలిందా?"

"తెలీదు బావా."

"తెలీకపోవడం ఏంది? గుడ్డ పీకు, చూస్తా."

"పీకను."

"పగలకుంటేనే పోవాలని గదా అనుకున్నాం. పెద్దమనుషుల ముందర సరే అన్నావు."

"అన్నాను. అట్టా అనడం తప్పు. ఒక గాజు పలక మీద నా బతుకు పెట్టే హక్కు మీకు ల్యా, నాకూ ల్యా. ఇప్పుడు కాదంటా ఉండాను. పగిలినా పోతాను, పగలకపోయినా పోతాను. మీరా మొహిద్దీన్ గారికి నేనే చెప్పుకుంటా." నల్లటి మచ్చ వైపు చూపించి, "ఆయన చెయ్యి గోడ మీదుంది. అది మీరు ఉంచుకోండి బావా. నేను అడగను," అంది.

అమీర్ బాషా ముఖంలో ఏముందో షాహిదాబీ చదవడానికి పూనుకోలేదు, ఇన్నేళ్లూ ఆ ముఖం చదువుకుంటూనే బతికింది. ముత్యాలయ్య ముందు వైపు, ఆమె, పిచ్చమ్మ వెనక వైపు పట్టారు, కాళ్లు తడబడ్డాయి, బరువు నిలిచింది, అద్దం నిలువుగా లేచింది. గుమ్మం దాకా వచ్చి ఆగింది. గుమ్మంలో బావ అట్లాగే ఉన్నాడు.

"పక్కకు జరగండి బావా. అద్దం వస్తా ఉంది."

ఆయన కదలలేదు. మంచం కోడు షాహిదాబీ భుజం ఎముకలో గుచ్చుకుంటోంది, కోసిన వేలు మండుతోంది, దించితే మళ్లీ ఎత్తడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు, అయినా ఇంకోసారి అడగదలుచుకోలేదు. అప్పుడు వంటింటి వైపు నుంచి, మొగుడి ఎదుట పాతికేళ్లుగా గొంతు పైకెత్తని మనిషి గొంతు, పొయ్యి ముందు నుంచి లేచి వసారాలోకి వచ్చిన గొంతు, గట్టిగా వినిపించింది.

"జరగండి. బరువు మోస్తా ఉండారు, కనపడడం లేదా?"

అమీర్ బాషా వెనక్కి తిరిగి భార్యను చూశాడు. ఆమె తల దించలేదు. ఆయన చెప్పులు కిర్రుమని ఒక అడుగు, ఇంకో అడుగు పక్కకు జరిగాయి, అద్దం గుమ్మం దాటింది.